కొలెస్ట్రాల్ తక్కువున్నవాళ్లే ఎక్కువగా చనిపోతున్నారా? నాన్నగారు మాత్ర మానేసే ముందు ఇది చదవండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ నాన్నగారికి 68 ఏళ్లు. ఇంతవరకు గుండెపోటు గానీ పక్షవాతం గానీ రాలేదు, బీపీకి మాత్ర వేసుకుంటున్నారు, షుగర్ బోర్డర్‌లో ఉంది. మొన్నటి రిపోర్టులో టోటల్ కొలెస్ట్రాల్ 236, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్ అంటారే, అది) 158 వచ్చాయి, డాక్టరుగారు రోసువాస్టాటిన్ 10 (స్టాటిన్ అనే కొలెస్ట్రాల్ తగ్గించే మందుల్లో ఒకటి) రాశారు. నెల తిరక్కుండానే ఎవరో వాట్సాప్‌లో ఒక వీడియో పంపారు. కొరియాలో కోటీ ఇరవై ఎనిమిది లక్షల మందిని చూస్తే కొలెస్ట్రాల్ 210 నుంచి 249 మధ్య ఉన్నవాళ్లే అందరికన్నా తక్కువగా చనిపోయారనీ, అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ స్టడీలో కొలెస్ట్రాల్ తగ్గినవాళ్లే ఎక్కువగా పోయారనీ అందులో చెప్పారు. దాంతో నాన్నగారు మాత్ర పక్కన పడేశారు. ఆ స్టడీలు నిజమేనా, నిజమైతే డాక్టర్లు ఈ మందు ఎందుకిస్తున్నారు అని మీరు అడుగుతున్నారు.

ముందే చెప్పేస్తున్నాను, నేను డాక్టర్ని కాదు, మందు రాసే అర్హత నాకు లేదు. వేలమందిని ఏళ్ల తరబడి గమనిస్తూ ఎవరికి ఏ జబ్బు వచ్చింది, ఎవరు ఎప్పుడు ఎందుకు చనిపోయారు అని లెక్కగట్టే స్టడీలలో స్టాటిస్టిక్స్ చూస్తుంటాను, చాలా ఏళ్లుగా అదే నా పని. అందుకే ఇలాంటి వీడియోలు చూస్తే నాకు నిజంగా కడుపు మండుతుంది. పచ్చి అబద్ధమైతే ఒక్క ముక్కలో కొట్టిపారేయొచ్చు. వీళ్లు చూపించే అంకెలు నిజమైనవే, వాటికి లేని అర్థం అంటగడతారు, పెద్దవాళ్లేమో నమ్మి మాత్రలు మానేస్తారు.

కొరియా స్టడీ నిజమే. 2001 నుంచి 2004 మధ్య హెల్త్ చెకప్ చేయించుకున్న 1.28 కోట్ల మందిని 2013 దాకా గమనించి, ఫలితాలను 2019లో ప్రచురించారు. ఆలోగా వాళ్లలో దాదాపు 7 లక్షల మంది చనిపోయారు. గ్రాఫ్ గీస్తే ఇంగ్లిష్ యు అక్షరంలా వచ్చింది. కొలెస్ట్రాల్ బాగా తక్కువున్న వైపు చావులు ఎక్కువ, బాగా ఎక్కువున్న వైపు కూడా ఎక్కువ, చాలా వయసులవాళ్లకు 210–249 దగ్గర అన్నిటికన్నా తక్కువ. కోపెన్‌హాగన్ ప్రాంతంలో 1,08,243 మందితో చేసిన ఇంకో స్టడీ 2020లో వచ్చింది, అందులోనూ ఇదే ఆకారం, ఎల్‌డీఎల్ 140 దగ్గర చావులు అందరికన్నా తక్కువ. కాబట్టి ఇది ఒక దేశంలో పొరపాటున వచ్చిన లెక్క అనుకోకండి, చాలాచోట్ల ఇలాగే కనిపిస్తుంది, మా రంగంలో వాళ్లందరికీ తెలిసిందే.

మరి చిక్కెక్కడుంది? కొలెస్ట్రాల్ 130, 140 ఉన్న మనిషి ఎవరు, ఆయనకు అంత తక్కువ ఎందుకుంది అన్న ప్రశ్న ఆ వీడియోలో ఎవరూ వేయలేదు, చిక్కంతా అక్కడే ఉంది.

ఒంట్లో కొలెస్ట్రాల్ తయారయ్యే ముఖ్యమైన చోటు లివర్. సిరోసిస్‌తో లివర్ దెబ్బతింటే కొలెస్ట్రాల్ పడిపోతుంది. క్యాన్సర్ లోపల పెరుగుతున్నప్పుడు పడిపోతుంది. టీబీలో, ఏళ్ల తరబడి సరిగ్గా తిండి లేనప్పుడు, థైరాయిడ్ అతిగా పనిచేసినప్పుడు, ఏదైనా పెద్ద ఇన్‌ఫెక్షన్ పట్టుకున్నప్పుడు, ముసలితనంలో మనిషి వడలిపోతున్నప్పుడు, అన్నిట్లోనూ తగ్గుతుంది. కొన్ని జబ్బుల్లో అయితే జబ్బు పేరు తెలియకముందే తగ్గడం మొదలవుతుంది. మన పల్లెల్లో హెల్త్ క్యాంపు పెడితే కచ్చితంగా కనిపించే మనిషి ఒకాయన ఉంటాడు. డెబ్భై ఏళ్లు, నలభై రెండు కిలోల బరువు, వేళ్లకు చుట్ట పొగ మరక, రెండు నెలలుగా తిండి సయించడం లేదంటాడు. కొలెస్ట్రాల్ రిపోర్టు వస్తుంది, 128 అని ఉంటుంది, పక్కన నార్మల్ అని కూడా అచ్చయి ఉంటుంది. ఆయన ఏడాది తిరిగేసరికి చనిపోతే డేటాలో ఒక వరుస చేరుతుంది: కొలెస్ట్రాల్ తక్కువ, మరణించారు. ఇప్పుడు చెప్పండి, ఆయన్ని చంపింది ఆ 128 అంకెనా, లోపలున్న జబ్బా? పెద్దాసుపత్రిలో పడుకున్నవాళ్లు ఇంట్లో ఉన్నవాళ్లకన్నా ఎక్కువగా చనిపోతారు గనక ఆసుపత్రి మంచమే మనిషిని చంపుతోంది అంటే ఎలా ఉంటుందో, ఇదీ అలాగే ఉంటుంది.

కొరియాలో హెపటైటిస్ బి చాలాకాలం విపరీతంగా ఉండేది, దాని వెంట లివర్ క్యాన్సర్. అక్కడ మరణాలకు మొదటి కారణం క్యాన్సర్, గుండె జబ్బు దాని తర్వాతే. అలాంటిచోట అన్ని రకాల మరణాలనూ ఒకే కుప్పగా పోసి కొలెస్ట్రాల్‌తో పోల్చితే యు ఆకారంలో ఎడమవైపు, అంటే కొలెస్ట్రాల్ తక్కువున్న వైపు, కొమ్ము లేవకుండా ఎలా ఉంటుంది? రోడ్డు ప్రమాదం, క్యాన్సర్, న్యుమోనియా, గుండెపోటు అన్నీ కలిసిన అంకె అది. కోపెన్‌హాగన్ స్టడీలోనే మొత్తం మరణాలకు యు ఆకారం వచ్చింది గానీ, గుండెపోట్లు విడిగా చూస్తే ఆ ఆకారం లేదు, ఎల్‌డీఎల్ పెరిగేకొద్దీ గుండెపోట్లు పెరుగుతూనే వెళ్లాయి. వీడియోల్లో ఆ రెండో గ్రాఫు ఎప్పుడూ చూపించరు.

స్టడీ మొదలైన తొలి రెండు మూడేళ్లలో చనిపోయినవాళ్లను లెక్కలోంచి తీసేసి చూడటం అనే పద్ధతి ఒకటుంది. అప్పటికే జబ్బుపడి ఉన్నవాళ్లు అలా చాలావరకు పక్కకు పోతారు. అలా చేస్తే ఎడమ కొమ్ము కొంచెం వంగుతుంది, పూర్తిగా పోదు. ఎందుకంటే లివర్ జబ్బులు, పొగ తాగేవాళ్ల ఊపిరితిత్తుల జబ్బులు పదేళ్లయినా లోపల నానుతూ ఉంటాయి. ఒక్క విషయం మాత్రం ఒప్పుకోవాలి. మెదడులో రక్తనాళం చిట్లి వచ్చే పక్షవాతం కొలెస్ట్రాల్ బాగా తక్కువున్నవాళ్లలో కొంచెం ఎక్కువగా కనిపించింది, ముఖ్యంగా బీపీ ఎక్కువున్నవాళ్లలో. ఇది జపాన్‌తో సహా కొన్నిచోట్ల చూశారు. నాన్నగారి బీపీ అదుపులో ఉండాలని నేను గట్టిగా అనడానికి ఇదీ ఒక కారణం.

ఇక ఫ్రేమింగ్‌హామ్ సంగతి. దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే దీన్ని వాడుకున్నంత ఘోరంగా ఇంకే స్టడీనీ వాడుకోలేదు.

అది అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో ఒక చిన్న పట్టణం. 1945లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ చనిపోయిన రోజున ఆయన బీపీ 300/190 ఉంది. వయసుతోపాటు బీపీ పెరగడం సహజమే అనుకునేవాళ్లు చాలామంది డాక్టర్లు అప్పట్లో ఉన్నారు. గుండెపోటు ఎందుకొస్తుందో, ఎవరికొస్తుందో ముందే చెప్పే దారి లేదు. 1948లో ఆ ఊళ్లో 5,209 మంది ఆడవాళ్లనూ మగవాళ్లనూ చేర్చుకుని, రెండేళ్లకోసారి పిలిచి పరీక్షలు చేయడం మొదలుపెట్టారు. అప్పటికి జబ్బు లేనివాళ్లలో ఎవరికి వస్తుందో ఎదురుచూడటమే పద్ధతి. ఇప్పుడు మనం రోజూ వాడే రిస్క్ ఫ్యాక్టర్ అన్న మాట వాడుకలోకి వచ్చింది 1961లో ఆ స్టడీ వాళ్లు రాసిన వ్యాసంతోనే. బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్ గురించి ఇవాళ మామూలు జ్ఞానం అనిపించేదంతా ఆ ఊరివాళ్లు రెండేళ్లకోసారి ఓపిగ్గా వచ్చి చెయ్యి చాపి రక్తం ఇవ్వడం వల్ల వచ్చింది. వాళ్ల పిల్లలతో 1971లో రెండో తరం మొదలైంది, తర్వాత మనవలతో మూడో తరం కూడా. వాళ్ల మీద నాకు అపారమైన గౌరవం.

వీడియోలో చెప్పింది 1987లో వచ్చిన ముప్పై ఏళ్ల ఫలితాల వ్యాసం గురించి. అందులో మొదటి ముక్క: 50 ఏళ్లలోపు వాళ్లలో కొలెస్ట్రాల్ ప్రతి 10 మిల్లీగ్రాములు ఎక్కువైనకొద్దీ మొత్తం మరణాలు 5 శాతం, గుండె రక్తనాళాల మరణాలు 9 శాతం ఎక్కువ. రెండో ముక్క: 50 దాటాక కొలెస్ట్రాల్ ఎక్కువున్నా తక్కువున్నా మొత్తం మరణాల్లో తేడా కనిపించలేదు. మూడోది: మొదటి 14 ఏళ్లలో కొలెస్ట్రాల్ పడిపోతూ వచ్చినవాళ్లలో తర్వాత మరణాలు పెరిగాయి, ఏడాదికి ఒక్కో మిల్లీగ్రాము పడిపోయినందుకు మొత్తం మరణాలు 11 శాతం ఎక్కువ. మొదటి ముక్క మింగేసి, రెండూ మూడూ చదివి వినిపించి, చూశారా, కొలెస్ట్రాల్ తగ్గిస్తే చస్తారు అంటారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి తేదీలు చూడండి. ఆ 14 ఏళ్లు అంటే దాదాపు 1950లు, 1960లు. మొట్టమొదటి స్టాటిన్ మాత్ర లోవాస్టాటిన్‌కు అమెరికాలో అనుమతి వచ్చిందే 1987 సెప్టెంబరులో. అంటే ఆ స్టడీలో ఎవరికీ స్టాటిన్ వేసి కొలెస్ట్రాల్ తగ్గించలేదు, దానంతట అదే తగ్గింది. ఏ మందూ లేకుండా, ఏళ్ల తరబడి దానంతట అదే పడిపోతోందంటే లోపల ఏదో జబ్బు తినేస్తోందేమో అని అనుమానించాలి. ఆ వ్యాసం రాసినవాళ్లే సారాంశంలోనే ఆ మాట రాశారు: 50 దాటినవాళ్ల లెక్క కొలెస్ట్రాల్ పడిపోతున్నవాళ్ల వల్ల తారుమారవుతోంది, దానికి కారణం ప్రాణం తీసే జబ్బులు కావచ్చు అని. అదే పేరాలో ఉన్న వాక్యాన్ని వదిలేసి ముందు వాక్యం ఒక్కటే చదివే మనిషిని నేను క్షమించలేను.

50 దాటాక కొలెస్ట్రాల్‌తో పనిలేదా అన్నదానికి తర్వాత ఇంకా పెద్ద లెక్క వచ్చింది. 2007లో 61 స్టడీల డేటా కలిపి, దాదాపు 9 లక్షల మందిని, విడిగా గుండె జబ్బు మరణాల కోసమే చూశారు. టోటల్ కొలెస్ట్రాల్ సుమారు 39 మిల్లీగ్రాములు తక్కువ ఉంటే 40ల్లో ఉన్నవాళ్లకు గుండె జబ్బు మరణాలు దాదాపు సగం తక్కువ, 50 నుంచి 69 మధ్య మూడో వంతు తక్కువ, 70 నుంచి 89 మధ్య ఆరో వంతు తక్కువ. వయసు పెరిగేకొద్దీ బంధం పలచబడుతోంది, నిజమే, కానీ తెగిపోలేదు. పైగా పెద్దవయసులో గుండె జబ్బుతో పోయేవాళ్లే ఎక్కువ కాబట్టి, ఆరో వంతు తగ్గినా మనుషుల సంఖ్యలో చూస్తే అది చిన్న లాభం కాదు. పర్సెంటేజీ వేరు, తలకాయల లెక్క వేరు, ఈ రెండూ కలిపేయడం వల్ల ఇటువైపు వాళ్లూ అటువైపు వాళ్లూ జనాన్ని గందరగోళపెడుతున్నారు.

అయితే మీరు ఇంకా ఒక ప్రశ్న అడగొచ్చు, అడగాలి కూడా. ఎక్కువున్నవాళ్లకు ముప్పు ఎక్కువ అన్నంత మాత్రాన, మందుతో తగ్గిస్తే ముప్పు తగ్గుతుందని ఏంటి గ్యారంటీ? ఇది చాలా మంచి ప్రశ్న. ఒకప్పుడు ఈ అనుమానానికి గట్టి ఆధారమే ఉంది. 1978లో క్లోఫైబ్రేట్ అనే మందు మీద డబ్ల్యూహెచ్‌ఓ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. కొలెస్ట్రాల్ తగ్గింది, ప్రాణాపాయం లేని గుండెపోట్లు తగ్గాయి, కానీ మందు వేసుకున్నవాళ్లలో మొత్తం మరణాలు పెరిగాయి. ఆ తర్వాత చాలా ఏళ్లు కొలెస్ట్రాల్ మందులంటే డాక్టర్లే భయపడ్డారంటే తప్పు పట్టలేం.

ఆ భయం చాలావరకు తీర్చింది 1994లో వచ్చిన ట్రయల్. స్కాండినేవియా దేశాల్లో అప్పటికే గుండె జబ్బు ఉన్న 4,444 మందిని తీసుకుని లాటరీ పద్ధతిలో సగం మందికి సిమ్వాస్టాటిన్, సగం మందికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఐదేళ్లు దాటేసరికి ఉత్తుత్తి మాత్ర వైపు 256 మంది, మందు వైపు 182 మంది చనిపోయారు. గుండెతో సంబంధం లేని మరణాలు పెరిగాయా అని అందరూ కళ్లు పెట్టుకుని చూశారు, పెరగలేదు. లాటరీ వేయడంలో గొప్పతనం ఏంటంటే టీబీ ఉన్న పెద్దాయన, లివర్ చెడినాయన, పొగతాగేవాళ్లు రెండు వైపులా సమానంగా పడతారు. అప్పుడు తేడా వచ్చిందంటే అది మందు వల్లే. తర్వాత 26 ట్రయల్స్‌లోని 1,70,000 మంది డేటా 2010లో కలిపి చూస్తే, ఎల్‌డీఎల్ 39 మిల్లీగ్రాములు తగ్గినందుకు గుండెపోటు, పక్షవాతం, స్టెంట్, బైపాస్ లాంటివి కలిపి ఐదో వంతుకు పైగా తగ్గాయి, మొత్తం మరణాలు 10 శాతం తగ్గాయి, క్యాన్సర్లు పెరగలేదు.

నాకు వ్యక్తిగతంగా అన్నిటికన్నా బలంగా అనిపించే ఆధారం మందుల కంపెనీలతో ఏ సంబంధమూ లేనిది. కొంతమంది పుట్టుకతోనే పీసీఎస్‌కే9 అనే జీన్‌లో చిన్న మార్పుతో పుడతారు, వాళ్ల ఎల్‌డీఎల్ జీవితమంతా తక్కువగా ఉంటుంది. ఏ మాత్రా లేదు, ఏ జబ్బూ లేదు, తల్లిదండ్రుల నుంచి వచ్చిందంతే. అమెరికాలో నాలుగు చోట్ల నడిచిన ఒక పెద్ద స్టడీలో 3,363 మంది నల్లజాతీయుల్ని పరీక్షిస్తే 2.6 శాతం మందిలో ఆ మార్పు ఉంది. వాళ్ల ఎల్‌డీఎల్ మిగతావాళ్లకన్నా 28 శాతం తక్కువ, పదిహేనేళ్లలో గుండె జబ్బు 88 శాతం తక్కువ. 2006లో ఇది వచ్చింది. తక్కువ కొలెస్ట్రాలే మనిషిని చంపేదైతే వీళ్లు ఎప్పుడో రాలిపోవాలి కదా. దీనికి తిరగేసిన కేసు ఫ్యామిలియల్ హైపర్‌కొలెస్టరోలేమియా, పుట్టుకతో ఎల్‌డీఎల్ విపరీతంగా ఉండే కుటుంబాలు, చికిత్స లేకపోతే వాళ్లకు ముప్ఫైల్లో, నలభైల్లోనే గుండెపోట్లు వస్తాయి. దాని మూలం కనిపెట్టినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలకు 1985లో నోబెల్ ఇచ్చారు.

జనాభా స్టడీలను గుడ్డిగా నమ్మమని కూడా నేను అనను. హెచ్‌డీఎల్ సంగతే చూడండి. మంచి కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్లకు గుండెపోట్లు తక్కువ అని ఫ్రేమింగ్‌హామ్ మొదలుకుని అన్ని స్టడీల్లోనూ వచ్చింది. సరే పెంచుదాం అని టోర్సెట్రాపిబ్ అనే మందు తయారుచేసి 15 వేల మంది మీద ట్రయల్ పెట్టారు. హెచ్‌డీఎల్ 70 శాతానికి పైగా పెరిగింది. మరణాలూ పెరిగాయి, 2006 డిసెంబరులో ట్రయల్ ఆపేశారు. తర్వాత జీన్‌ల స్టడీల్లో కూడా పుట్టుకతో హెచ్‌డీఎల్ ఎక్కువున్నంత మాత్రాన గుండెపోటు తగ్గదని తేలింది. కాబట్టి జనాభా స్టడీ, జీన్‌లు, లాటరీ ట్రయల్ మూడూ ఒకే మాట చెప్తేనే నేను నమ్ముతాను. ఎల్‌డీఎల్ విషయంలో మూడూ ఒకే మాట చెప్తున్నాయి. హెచ్‌డీఎల్ విషయంలో చెప్పలేదు. టెస్ట్ రిపోర్టులో హెచ్‌డీఎల్ బాగుంది కదా అని ధీమాగా ఉండేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు మనవాళ్ల సంగతికి వస్తాను. ఫ్రేమింగ్‌హామ్‌లో ఉన్నవాళ్లు దాదాపు అందరూ యూరప్ మూలాల తెల్లవాళ్లు, ఆ లెక్కలు మనకు ఎంతవరకు సరిపోతాయి అని మీరు అనుమానపడటం న్యాయమే. 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ స్టడీలో దక్షిణాసియావాళ్లకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వచ్చింది, మిగతా దేశాలవాళ్లకు 59 దగ్గర. మనకు టోటల్ కొలెస్ట్రాల్ అంత ఎక్కువ లేకపోయినా హెచ్‌డీఎల్ తక్కువ, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు) ఎక్కువ, పొట్ట, షుగర్ ఇవన్నీ కలిసి వస్తాయి. అమెరికాలో 2018 గైడ్‌లైన్స్‌లో దక్షిణాసియా మూలాలు ఉండటాన్నే ముప్పు పెంచే అంశంగా రాశారు, అక్కడున్న తెలుగువాళ్లు తమ డాక్టర్‌కు ఈ విషయం గుర్తుచేయడం మంచిది.

మన దగ్గర జరిగిన పని కూడా తక్కువేం కాదు. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్లలో, లక్షా ఎనభై వేల జనాభాలో, ఏడాదిలో జరిగిన మరణాలన్నిటికీ కారణాలు వెతికారు, ఆ ఫలితాలు 2006లో వచ్చాయి. పల్లెల్లో ఇంట్లోనే పోయినవాళ్లకు డాక్టర్ సర్టిఫికెట్ ఎక్కడిది? అందుకే వెర్బల్ అటాప్సీ అనే పద్ధతి వాడతారు. శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్త ఆ ఇంటికి వెళ్లి, ఆఖరి రోజుల్లో దగ్గరున్న మనిషిని కూర్చోబెట్టి అడుగుతారు. ఛాతీలో నొప్పి వచ్చిందా, ఎంతసేపు, చెమటలు పట్టాయా, ఆయాసం ముందు నుంచీ ఉందా, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయాయా, మూతి వంకర పోయిందా, దగ్గులో రక్తం పడిందా. ఆ కోడలో కూతురో కళ్లు తుడుచుకుంటూ చెప్పింది చెప్పినట్టు రాసుకుంటారు, తర్వాత డాక్టర్లు అది చదివి కారణం తేలుస్తారు. అలా చూస్తే 32 శాతం మరణాలకు గుండె, రక్తనాళాల జబ్బులే కారణమని తేలింది, అన్నిటికన్నా అదే ఎక్కువ. పల్లెటూరివాళ్లకు గుండె జబ్బులేంటి, అవి పట్నం జబ్బులు అనే మాట ఆ లెక్కతో పోవాలి.

హైదరాబాద్ బీహెచ్‌ఈఎల్‌తో పాటు ఇంకో మూడు నగరాల ఫ్యాక్టరీల్లో చేసిన వలసల స్టడీ నాకు చాలా ఇష్టం. పల్లె నుంచి వచ్చి ఉద్యోగంలో స్థిరపడిన మనిషిని, ఊళ్లోనే ఉండిపోయిన తోబుట్టువును పక్కపక్కన పెట్టి పోల్చారు. ఒకే తల్లి పిల్లలు, ఒకే ఇంట్లో పెరిగినవాళ్లు, అయినా పట్నం వచ్చిన మనిషిలో ఒంట్లో కొవ్వు, బీపీ, లిపిడ్స్ (రక్తంలో కొవ్వులు), షుగర్ ఊళ్లో ఉన్న తోబుట్టువుకన్నా పట్నంవాళ్లకు దగ్గరగా వెళ్లాయి. మా ఇంటి రక్తమే అంత అనుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి జవాబు లేదు. జపాన్‌లో ఉన్నవాళ్లనూ హొనలూలూకూ శాన్‌ఫ్రాన్సిస్కోకూ వెళ్లిన జపాన్‌వాళ్లనూ పోల్చినప్పుడు కూడా ఇదే కనిపించింది, అమెరికా వైపు వెళ్లేకొద్దీ కొలెస్ట్రాలూ గుండె జబ్బూ పెరిగాయి.

సరే, నాన్నగారి దగ్గరికి వద్దాం. ఆయన కేసుకు దగ్గరగా ఉన్న ట్రయల్ ఒకటుంది, పేరు హోప్-3, 2016లో వచ్చింది. 21 దేశాల్లో, మన దేశం కూడా అందులో ఉంది, గుండె జబ్బు లేని 12,705 మంది, సగటు వయసు 66కు దగ్గర, మందు రోసువాస్టాటిన్ 10, అంటే నాన్నగారికి రాసిందే. ఐదున్నరేళ్లకు గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణం కలిపి ఉత్తుత్తి మాత్ర వైపు 4.8 శాతం, మందు వైపు 3.7 శాతం. నాలుగో వంతు తగ్గింది అని కంపెనీవాళ్లు చెప్తారు, అది నిజం. వందమంది ఐదున్నరేళ్లు వేసుకుంటే ఒక్కరికి మేలు జరిగింది అని నేను చెప్తాను, అదీ నిజమే. మొత్తం మరణాల్లో మాత్రం తేడా చాలా చిన్నది, 5.6కి 5.3, దాన్ని గట్టి ఫలితం అనలేం. కండరాల నొప్పులు మందు వైపు 5.8 శాతం, ఉత్తుత్తి మాత్ర వైపు కూడా 4.7 శాతం వచ్చాయి, అంటే మాత్ర వల్లే అనుకునే నొప్పుల్లో చాలావరకు ఆ వయసులో ఎలాగూ ఉండేవే. స్టాటిన్‌లు షుగర్ వచ్చే అవకాశాన్ని కొద్దిగా పెంచుతాయి, ముఖ్యంగా ముందే బోర్డర్‌లో ఉన్నవాళ్లకు. నాన్నగారు ఆ బోర్డర్‌లోనే ఉన్నారు కాబట్టి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) చూసుకుంటూ ఉండాలి.

వందలో ఒక్కరే కదా అని తీసిపారేయకండి. ఆ ట్రయల్‌లో వాళ్లది మధ్యస్థ ముప్పు. నాన్నగారికి ఇంకా ఎక్కువ ముప్పు ఉంటే మేలు కూడా ఆ మేరకు పెరుగుతుంది. ఆయన సిగరెట్ తాగుతారా, మాత్ర వేసుకున్నా బీపీ పై అంకె ఎంత ఉంటోంది, ఆయన అన్నదమ్ములకు చిన్నవయసులో గుండెపోటు వచ్చిందా, ఇవి మీరు రాయలేదు. ఎల్‌డీఎల్ 158 ఒక్కటే చూసి నిర్ణయించడం నాకు నచ్చదు, డాక్టరుగారు కూడా బీపీ, షుగర్, వయసు అన్నీ చూసే రాసి ఉంటారు. దక్షిణాసియా కోసం డబ్ల్యూహెచ్‌ఓ 2019లో ఇచ్చిన చార్టులో వయసు, ఆడా మగా, సిగరెట్, బీపీ పై అంకె, షుగర్ ఉందా, టోటల్ కొలెస్ట్రాల్ ఇవి వేస్తే పదేళ్లలో ముప్పు ఎంతో రంగుల్లో వస్తుంది. ఆ ముప్పు అంకె చేతిలో పెట్టుకుని డాక్టరుగారితో మాట్లాడండి.

ఒకవేళ నాన్నగారికి 80 ఏళ్లుండి, ముందు గుండె జబ్బు లేకుండా, బలహీనంగా ఉండి ఉంటే నా జవాబు వేరేలా ఉండేది. 75 దాటాక, గుండె జబ్బు లేనివాళ్లలో స్టాటిన్ ఎంత మేలు చేస్తుందన్నదానికి ట్రయల్ ఆధారాలు పలచగానే ఉన్నాయి, 2019లో 28 ట్రయల్స్ కలిపి చూసినప్పుడు కూడా ఆ ఒక్క గుంపులో ఫలితం స్పష్టంగా తేలలేదు. ఆ వయసులో మాత్రలు తగ్గించుకోవాలనుకోవడం పిచ్చి ఆలోచనేమీ కాదు. కానీ ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్లు, స్టెంట్ వేయించుకున్నవాళ్లు ఏ వయసులోనైనా సరే వీడియో చూసి ఆపేయడం మాత్రం చాలా ప్రమాదం. మీ బంధువుల్లో అలాంటివాళ్లు ఆ వీడియో చూసి ఉంటే ఇవాళే ఫోన్ చేయండి.

నాన్నగారితో గొడవ పడొద్దు. ఆయన వీడియో చూసి భయపడ్డారు, భయపడిన మనిషిని తిడితే మొండికేస్తారు. మొదటి రిపోర్టు, బీపీ రీడింగులు, వేసుకునే మాత్రల పట్టీ తీసుకుని ఇద్దరూ కలిసి డాక్టరుగారి దగ్గరికి వెళ్లండి. మాత్ర ఆపేశారని దాచకుండా చెప్పండి, దాచితే తర్వాతి రిపోర్టు చూసి మందు పనిచేయడం లేదనుకుని డోసు పెంచుతారు. మళ్లీ మొదలుపెడితే ఆరు నుంచి పన్నెండు వారాల్లో లిపిడ్ ప్రొఫైల్ చేయించండి. నొప్పులొస్తే తనంతట తాను మానేయకుండా డోసు తగ్గించమనో మందు మార్చమనో అడగొచ్చని ఆయనకు ముందే చెప్పండి. ఎప్పుడైనా మాత్ర వేసుకోకుండానే కొలెస్ట్రాల్ బాగా పడిపోయి, దాంతోపాటు బరువు కూడా తగ్గుతుంటే మాత్రం సంతోషించకుండా వెంటనే పరీక్షలు చేయించండి. ఆయన బీపీ పై అంకె, సిగరెట్ సంగతి, అన్నదమ్ముల సంగతి ఇక్కడ రాస్తే ఆ చార్టులో ఆయన గడి ఎక్కడొస్తుందో, దాన్ని ఎలా చదవాలో చెప్తాను.